దాహం: ఒక డయాలసిస్ రోగితో 11 నెలలు

"సిస్టర్ గారూ, ఏమనుకోకండి. ప్రార్థన మాత్రం వద్దు. ఇప్పటికే చాలామంది చేసి వెళ్లారు."

2024 నవంబరులో గుంటూరులోని ఒక ఆస్పత్రి డయాలసిస్ వార్డులో ఆయన నాతో అన్న మొదటి మాట ఇది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ప్రార్థన చెయ్యలేదు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అని ఇప్పుడనిపిస్తుంది.

నేను 14 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, తర్వాత పాస్టరల్ కౌన్సెలింగ్ చదివాను. దీర్ఘరోగుల మధ్య ఆదరణ పరిచర్య చేస్తున్నాను. ఇలాంటి పరిచర్యలో ఉన్నవాళ్లకి, సంఘాల్లో రోగుల్ని చూడటానికి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఆయనా ఆయన భార్యా ఒప్పుకున్నారు. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆయన నాకంటే పెద్దవారు కాబట్టి అన్నయ్య అని పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను.

రోగి, రోగం

అన్నయ్యకి అప్పటికి 49 ఏళ్లు. లేడీస్ టైలర్. కొత్తపేట వైపు ఒక అద్దె గది, రెండు మిషన్లు. భార్య హెమ్మింగు, కాజాలు చూసుకునేది. కూతురికి పెళ్లయింది. తాతల కాలం నుంచి లూథరన్ సంఘస్థులు. బీపీ ఉందని పదేళ్ల కింద ఎవరో చెప్పారు, మాత్రలు కొన్నాళ్లు వేసుకుని మానేశారు. వంగి కుట్టీ కుట్టీ నడుం నొప్పి. దానికి మందుల షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగారు. కాళ్లు వాచి ఆస్పత్రికి వచ్చేసరికి రెండు కిడ్నీలూ దాదాపు పని మానేశాయి.

మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఒక్కోసారి 4 గంటలు. ఎడమ మణికట్టు పైన ఫిస్టులా వేశారు. అంటే ధమనినీ సిరనీ కలిపి కుడతారు, ఆ సిర ఉబ్బి లావు సూదులకి తట్టుకుంటుంది. దాని మీద వేలు పెడితే లోపల రక్తం పరుగు అదురుతూ తెలుస్తుంది. రోజూ పొద్దున్నే ఆ అదురు ఉందో లేదో చూసుకోవాలి. "మిషన్ తిరిగేటప్పుడు బల్ల మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది సిస్టర్ గారూ. నా మిషన్ ఆగింది, ఇది తిరుగుతోంది" అన్నారొకసారి. ఆ చేత్తో బరువెత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు, బిగుతు బట్ట వెయ్యకూడదు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. మూత్రం దాదాపు ఆగిపోయింది కాబట్టి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆయనకి డాక్టరు గారు పెట్టిన లెక్క రోజుకి 750 మిల్లీలీటర్లు. కాఫీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే. ఇంటికొచ్చిన బంధువులు కొబ్బరి బోండాం తెస్తారు. ఒంట్లో బాగాలేనివాళ్లకి మనం ఇచ్చేది అదే మరి. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ రోగికి గుండె ఆగేంత ప్రమాదం. పచ్చళ్లు తింటే ఉప్పుకి దాహం రెట్టింపవుతుంది. ఆవకాయ ముద్ద లేని అన్నం ఎలా దిగుతుందో గుంటూరు మనిషిని అడగాలి.

మొదటి అంచనా, నా మొదటి తప్పు

కొత్త రోగి దగ్గర నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఒకే రోజు అడగను, సందు చూసుకుని అడుగుతాను. ఈ జబ్బు ఎందుకొచ్చిందని మీకనిపిస్తోంది? దేవుడు ఇప్పుడు ఎక్కడున్నాడనిపిస్తోంది? ఎవరి దగ్గర మనసు విప్పి మాట్లాడగలుగుతున్నారు?

మూడో ప్రశ్నకి జవాబు "ఎవరి దగ్గరా లేదు". రెండోదానికి మౌనం. మొదటిదానికి మాత్రం ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది. మాఘమాసంలో, శ్రావణంలో పెళ్లిళ్ల రోజులు. ముహూర్తానికి జాకెట్లు అందాలి. ఆదివారం ఆరాధన మానేసి కుట్టేవారు. ఎన్ని ఆదివారాలు! "ఆ ఆదివారాలన్నీ వడ్డీతో వసూలు చేస్తున్నాడు దేవుడు. వారానికి మూడు రోజులు."

నేను వినాలి. ఇంకా వినాలి. కానీ మూడోసారి కలిసినప్పుడు, ఆయన కళ్లలో నీళ్లు చూసి ఓర్చుకోలేక, రోమా పత్రిక 8:28 చెప్పేశాను. "దేవుని ప్రేమించువారికి మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి." వచనం నిజమే, నా బతుక్కి ఆధారమైన వచనం. ఆయన తల గోడవైపు తిప్పుకుని, "మేలా? ఎవరికి సిస్టర్ గారూ?" అన్నారు. తర్వాత రెండుసార్లు నేను వెళ్లేసరికి నిద్ర నటించారు.

ఆ వచనం అప్పుడు ఎవరి కోసం చెప్పానో తర్వాత ఆలోచించుకున్నాను. ఆయన కన్నీళ్లు నాకు కష్టంగా ఉన్నాయి, వాటిని ఆపడానికి చెప్పాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదటి 7 రోజులూ నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ వారమంతా వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. చివర్లో దేవుడు కోప్పడింది దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద.

జనవరి

కొత్త సంవత్సరంలో ఎవరో బంధువులు ఆయన్ని ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లారు. అక్కడ వేదిక మీంచి ఎవరో, విశ్వాసం ఉన్నవాడికి సూదితో పనేమిటన్నారట. అన్నయ్య శనివారం రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం రాత్రి పడుకుంటే ఊపిరాడక, మంచం మీద కూర్చునే ఆయాసపడుతూ, తెల్లవారుజామున ఆటోలో వచ్చారు. ఉండాల్సిన బరువు కంటే 5 కిలోల పైన నీరు. డ్యూటీలో ఉన్నవాళ్లు వెంటనే మిషన్ ఎక్కించబట్టి బతికారు.

ఒళ్లు రెండు రోజుల్లో తేరుకుంది. మనసు మాత్రం ఇంకా లోతుకి దిగిపోయింది. ముందు దేవుడు శిక్షిస్తున్నాడనుకునేవారు. ఇప్పుడు తన విశ్వాసం కూడా చాల్లేదని తేలిపోయిందనుకున్నారు. "నేను పోతే ఇంటికి ఖర్చయినా తగ్గుతుంది" అన్నారు. ఇలాంటి మాట విన్నప్పుడు ప్రార్థనతో కప్పెయ్యకూడదు. సూటిగా అడిగాను: "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా అన్నయ్యా? ఎలాగో కూడా అనుకున్నారా?" వస్తోందన్నారు. ఏమీ చెయ్యక్కర్లేదు, డయాలసిస్‌కి రాకపోతే చాలు కదా అన్నారు. ఆ రోజే, ముందు ఆయనకి చెప్పి, కిడ్నీ డాక్టరు గారితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడాను. సైకియాట్రిస్టు దగ్గరికి పంపాం. కిడ్నీ జబ్బుకి సరిపడే మోతాదులో మందు మొదలుపెట్టారు. ఫిబ్రవరి నడిమికి కాస్త నిద్రపట్టింది. ఆత్మీయ పరిచర్య ఆ మందుకి బదులు కాదు. ఆ మందు లేకపోతే నా మాటలేవీ ఆయన చెవిన పడేవి కావు.

సూది గురించి ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాను. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరుకి సువార్త తెచ్చారు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చి, ఇక్కడి ఆడవాళ్లకి వైద్యం చేస్తూ 1898 నాటికి ఆస్పత్రి నిలబెట్టారు. కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టినవాళ్లు మన కుటుంబాల్లో ఎంతమందో. "మీ అమ్మగారు ఎక్కడ పుట్టారన్నయ్యా?" అంటే, "అక్కడే" అన్నారు. సువార్తా సూదిమందూ అక్కాచెల్లెళ్లలా వచ్చిన ఊళ్లో, సూది వేయించుకుంటే విశ్వాసం లేనట్టని ఎలా నమ్మాం? ఆయన చాలాసేపు తన చేతికేసి చూసుకున్నారు. ఆ తర్వాత ఒక్క సిట్టింగు కూడా మానలేదు.

"ఎందుకు" అనే మాట

ఇక్కడి నుంచి అసలు పని. ఆదివారాల లెక్క ఆయన మనసులోంచి తియ్యాలి. వాదిస్తే పోదు. లూకా 13లో సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి చదివించాను. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా, కాదు అంటాడు యేసు. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు "వీడా, వీని కన్నవారా, ఎవరు పాపం చేశారు" అనడిగితే, వీడూ కాదు, కన్నవాళ్లూ కాదు అంటాడు. అన్నయ్య ఆ మాట దగ్గర ఆగి, "మరి ఎందుకు?" అన్నారు.

మన తెలుగులో "ఎందుకు" అన్న మాటలో రెండు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. ఎందువల్ల అని ఒకటి, దేనికోసం అని ఒకటి. రోగి "నాకే ఎందుకు" అన్నప్పుడు ఎక్కువగా అడిగేది మొదటిది. మనం ఆత్రపడి రెండోదానికి జవాబిచ్చేస్తాం. "ఎందువల్ల"కి ఆయన విషయంలో జవాబు బీపీ, నొప్పి బిళ్లలు. దాన్ని డాక్టరు గారే చెప్పాలి, చెప్పారు కూడా. "దేనికోసం" అన్నది ఇంకొకరు తెచ్చి చేతిలో పెట్టేది కాదు. శ్రమలో ఉన్న మనిషి దేవుడి దగ్గర కూర్చుని, తన కాలంలో, తన నోటితో చెప్పుకోవాల్సింది. నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావని సిలువ మీద యేసు అరిచిన కేకలోని "లామా" (ఎందుకు) కూడా, ఆ మాట ఉన్న 22వ కీర్తన హెబ్రీలో విడదీసి చూస్తే "దేనికి" అనే అవుతుంది. ఆ కేకకి ఆకాశం నుంచి ఆ మధ్యాహ్నం జవాబు రాలేదు. ప్రభువుకే రాని జవాబు ఆస్పత్రి స్టూలు మీద కూర్చుని నేనిచ్చెయ్యబోయాను.

అందుకే ముందు ఏడ్వడానికి చోటు చేశాం. కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. మన సంఘాల్లో మాత్రం ఎప్పుడూ స్తుతి కీర్తనలే తీస్తాం. 88వ కీర్తన ఆయన చేతే చదివించాను. మిగతా విలాపాలు చివరికి ఎక్కడో ఒకచోట ఆశకి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. చదివి, "ఇది బైబిల్లోనే ఉందా? చివర ఏదైనా మంచి మాట ఉంటుందని చూస్తున్నా, లేదు" అన్నారు. లేదన్నయ్యా, అయినా దాన్ని దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు అన్నాను. మీరూ ఒకటి రాయండి అన్నాను.

వారం తర్వాత తన కొలతల పుస్తకం తెచ్చారు. పొడుగాటి, అట్ట నలిగిన పుస్తకం. ఎడమ పేజీలో ఎవరివో పాత కొలతలు: ఛాతీ 36, నడుం 32, చెయ్యి పొడుగు 9, కింద చెయ్యి చుట్టూ 11, మూలన చిన్న గుడ్డ ముక్క పిన్ను పెట్టి. కుడి పేజీలో పెన్సిలుతో: "ప్రభువా 750 ఇచ్చావు. పొద్దున 10 గంటలకే 400 అయిపోయింది. ఇంకా రోజంతా ఉంది. నీకు తెలుసా. తెలిస్తే చెప్పు." అంతే. నాకు గొంతు పూడుకుపోయింది. 56వ కీర్తన తీసి, దావీదు తన కన్నీళ్లు దేవుడి బుడ్డిలో ఉన్నాయని, ఆయన కవిలెలో ఉన్నాయని చెప్పుకునే వచనం చూపించాను. కవిలె అంటే ఏమిటని అడిగారు. లెక్కల పుస్తకం అన్నాను. తన చేతిలో పుస్తకాన్ని ఇటూ అటూ తిప్పి, "ఇలాంటిదా?" అన్నారు. ఆ రోజు వెళ్లబోతుంటే, "ప్రార్థన చేస్తారా" అని ఆయనే అడిగారు. మొదటిసారి కలిసిన నాలుగు నెలలకి.

నేను చూడని మనిషి

మార్చిలో వాళ్లింటికి వెళ్లాను. ఎండలు ముదురుతున్నాయి. వదిన నాకు మంచినీళ్లు తెస్తూ గ్లాసుని కొంగు చాటున పట్టుకొచ్చింది. నన్ను వంటింటి వెనక్కి తీసుకెళ్లి అక్కడ ఇచ్చింది. అప్పుడర్థమైంది. ఆ మనిషి ఆర్నెల్లుగా మొగుడి కళ్లెదుట గుక్కెడు నీళ్లు తాగలేదు. పక్కింటికెళ్లి తాగుతుంది, పెరట్లో తాగుతుంది, రాత్రి ఆయన నిద్రపోయాక తాగుతుంది. కుండ కూడా వాళ్లింటికే మార్చేసింది. మూత్రంలో మంట వస్తోందని నెమ్మదిగా చెప్పింది. నర్సుగా పనిచేసినదాన్ని, నాలుగు నెలలుగా ఆవిణ్ణి మంచం పక్కన చూస్తూ ఒక్కసారి కూడా "మీరెలా ఉన్నారు వదినా" అని అడగలేదు. నా నోట్సులో ఆవిడ గురించి ఉన్నదల్లా "భార్య సహకారం బాగుంది" అన్న ముక్క. డాక్టరుకి చూపించాం, తగ్గింది. నీళ్ల సంగతి అన్నయ్యకి చెప్పనివ్వలేదు. నేనూ చెప్పలేదు.

ఐదో మాట

గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని, ఒక్కోదాని గురించి ఒక్కొక్కరు మాట్లాడేలా ఏడుగురికి పంచుతారు కదా. ఐదో మాట అన్నయ్యకిస్తే బాగుంటుందని వాళ్ల సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పాను. ముందు అన్నయ్యని అడిగాకే చెప్పాను. శ్రమలో ఉన్నవాళ్లని సాక్ష్యం కోసం వేదికెక్కించడం నాకిష్టం ఉండదు, అది చాలాసార్లు వాళ్లని వాడుకోవడమే. ఆయన మూడు రోజులు ఆలోచించి సరేనన్నారు.

2025 ఏప్రిల్ 18. మధ్యాహ్నం 12 నుంచి 3. ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు వీపుకి అంటుకుపోయే ఎండ. ఆయన వంతు వచ్చేసరికి రెండు దాటింది. కాగితం లేదు. నాకు గుర్తున్నంతవరకు ఆయన మాటల్లోనే:

"'నేను దప్పిగొనుచున్నాను.' చిన్నప్పట్నుంచీ వింటున్న మాట. ఆత్మల కోసం దాహం అని చెబుతారు. అయ్యుండొచ్చు. నాకు మాత్రం మామూలు దాహమే వినబడుతోంది. నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. ఎవరైనా గ్లాసు కింద పెడితే ఆ చప్పుడు వినబడుతుంది. కానాలో నీళ్లని ద్రాక్షారసం చేసినాయన. సమరయ స్త్రీతో నా దగ్గర జీవజలం ఉందన్నాయన. ఆయన కూడా నోరు తెరిచి దాహమన్నాడు. శత్రువుల్ని అడిగాడు. వాళ్లు పులిసిన చిరక ఇచ్చారు, పుచ్చుకున్నాడు. నేను ఈ ఆర్నెల్లూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే విశ్వాసం లేదంటారని. ఇవాళ అడుగుతున్నా. నా కోసం ప్రార్థన చెయ్యండి, బాగవ్వాలని ఒక్కటే కాదు, ఈ సాయంత్రం దాకా ఓర్చుకోవాలని."

అంతే, కూర్చున్నారు. ఆడవాళ్ల వరసలో వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక ఆవిడే చెప్పేసిందట పెరటి నీళ్ల సంగతి. ఆయన ఏమీ అనకుండా లేచి, పక్కింటి నుంచి కుండ తెచ్చుకుని, గ్లాసు ముంచి ఆవిడ చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నారట.

జాకెట్లు

ఇది నేను చెప్పింది కాదు, ఎవరూ చెప్పలేదు. డయాలసిస్‌కి వచ్చే ఆడవాళ్లకి జాకెట్టు పెద్ద బాధ. చెయ్యి బిగుతుగా ఉంటే ఫిస్టులాని నొక్కుతుంది. కొందరికి ఫిస్టులా మోచేతి పైన ఉంటుంది, జాకెట్టు విప్పితే గానీ సూది వెయ్యడానికి లేదు. అందుకని చాలామంది నైటీల్లో వస్తారు, పైన తువ్వాలు కప్పుకుని. తాడికొండ నుంచి బస్సులో వచ్చే ఒకావిడ, నలుగురిలో నైటీతో బస్సెక్కాలంటే చచ్చిపోయినట్టుంది అన్న మాట పక్క మంచం మీంచి అన్నయ్య విన్నారు. మే నెలలో ఒక జాకెట్టు కుట్టి తెచ్చారు. ఎడమ చెయ్యి రెండంగుళాలు వదులు. భుజం నుంచి అంచు దాకా కుట్టు బదులు పట్టీ వేసి టిచ్ బటన్లు. విప్పితే చెయ్యి మొత్తం తెరుచుకుంటుంది, మూస్తే మామూలు జాకెట్టులాగే ఉంటుంది. కూలి తీసుకోరు, గుడ్డ ఖర్చు మాత్రం. మిషన్ తొక్కడం కష్టమని మోటారు పెట్టించుకున్నారు. సెప్టెంబరు నాటికి 26 కుట్టారు.

కొలతలు తీసుకోవడానికి వదిన వస్తుంది. కొలతలతోపాటు కబుర్లు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా "నాకే ఎందుకు" అంటే ఆయన జవాబు చెప్పగా నేను వినలేదు. "నేనూ అదే అడిగానమ్మా" అంటారు. 2 కొరింథీ 1లో పౌలు, దేవుడు మనల్ని ఏ ఆదరణతో ఆదరిస్తాడో ఆ ఆదరణతోనే ఇంకొకరిని ఆదరించగలం అంటాడు. ఆ మాట రాసిన పౌలు, నాలుగు వచనాల కిందే, ఆసియాలో బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందని రాసుకున్నాడు. ఆ రెండూ ఒకే పేజీలో ఉన్నాయని ఇంతకు ముందు నేను గమనించలేదు.

ఆయన బాగయ్యారని ఎవరూ అనుకోవద్దు. ఆగస్టులో ఫిస్టులా మూసుకుపోబోయి మళ్లీ ప్రొసీజరు చెయ్యాల్సొచ్చింది. ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు, కొలతల పుస్తకంలో ఒకే మాట మూడు పేజీల నిండా రాశారు, ఆ మాట నేనిక్కడ రాయను. మనసుకి మందు ఇంకా వాడుతున్నారు. కిడ్నీ మార్పిడికి ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు లేరు.

ఈ వ్యాసం రాసి ఇద్దరికీ చదివి వినిపించాను. జాకెట్ల దగ్గర నేను మొదట, "ఇందుకోసమే దేవుడు ఈ శ్రమని అనుమతించాడేమో" అని ఒక వాక్యం రాశాను. అన్నయ్య చెవి మీది పెన్సిలు తీసి దాన్ని కొట్టేశారు. "జాకెట్ల కోసం నా కిడ్నీలు తీసుకునేవాడు కాదు సిస్టర్ గారూ దేవుడు. కిడ్నీలు పోయాయి. పోయాక ఆయన నా పక్కనే కూర్చున్నాడు. కూర్చుంటే ఊరికే ఉండలేక కుడుతున్నా. అలా రాయండి." వదిన పెరటి నీళ్ల సంగతి తీసేయమంటుందేమో అనుకుని, "ఇది వద్దంటే తీసేస్తాను వదినా" అన్నాను.

"ఉంచండి" అంది. "ఇంకా ఎన్నిళ్లల్లో ఆడవాళ్లు చాటుగా తాగుతున్నారో."